డ్రోన్లలో ఫెయిల్‌సేఫ్ ఏర్పాట్లు

గాలిలో ఉన్న డ్రోనుకు నేలమీది పైలటుతో సంబంధం తెగిపోవచ్చు, బ్యాటరీ అడుగంటవచ్చు, ఉపగ్రహ సంకేతాలు అందకపోవచ్చు, మోటారు ఆగిపోవచ్చు. అటువంటి సమయంలో అది మనుషులమీద పడకుండా, అదుపు తప్పి ఎటో పోకుండా, తనంతట తాను ఏమి చేయాలో ముందుగానే నిర్ణయించి దానిలో అమర్చిపెట్టే పద్ధతులను ఫెయిల్‌సేఫ్ ఏర్పాట్లు అంటారు. ఒకప్పుడు సైన్యానికీ, పెళ్ళి వీడియోలకూ పరిమితమైన డ్రోన్లు నేడు పొలాలలో పురుగుమందు చల్లుతున్నాయి, ఆసుపత్రులకు మందులు మోస్తున్నాయి. అందువలన ఇది నిపుణులకు మాత్రమే సంబంధించిన విషయంగా మిగలలేదు. పొలం గట్టున నిలబడి చూసే రైతుకూ, ఆ పక్క దారిన బడికి వెళ్ళే పిల్లవానికీ కూడా ఇది సంబంధించినదే. ఫెయిల్‌సేఫ్ అనేది కొన్న వస్తువుతోపాటు వచ్చే ఒక భాగం కాదు, ఎగిరే చోటును బట్టి ప్రతిసారీ తీసుకోవలసిన నిర్ణయం. ఈ సంగతిని నిర్మల్ జిల్లాలోని ఖానాపూర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలించవచ్చు.

భావన

ఫెయిల్‌సేఫ్ అనే మాటకు చాలామంది "చెడిపోనిది" అని అర్థం చెప్పుకొంటారు. అది సరికాదు. చెడిపోతుందని ముందే ఒప్పుకొని, చెడినప్పుడు కూడా ప్రాణహాని లేని స్థితికి చేరేటట్లు చేయడమే దీని ఉద్దేశం. దీనికి పాత ఉదాహరణ రైలు బ్రేకు. 1872లో అమెరికాకు చెందిన జార్జి వెస్టింగ్‌హౌస్ రూపొందించిన స్వయంచాలక గాలి బ్రేకులో, గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకు వదులుగా ఉంటుంది. గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా ఒత్తిడి పడిపోయి బ్రేకు దానంతట అదే పడుతుంది. అంటే లోపం ఏర్పడటమే రైలును ఆపుతుంది.

అయితే రైలుకు ఆగిపోవడం క్షేమం. డ్రోనుకు గాలిలో ఆగిపోవడమంటే పడిపోవడమే. ఈ తేడాను గుర్తించకపోతే మిగిలినదేదీ అర్థం కాదు. గాలిలో ఉన్న యంత్రానికి సహజంగా క్షేమమైన స్థితి అంటూ లేదు. దానిని కల్పించి ఇవ్వాలి. సాధారణంగా ఇచ్చేవి నాలుగు: బయలుదేరిన చోటుకు తిరిగి రావడం, ఉన్నచోటనే మెల్లగా దిగడం, ఉన్న ఎత్తులోనే నిలిచి వేచి ఉండటం, అన్నిటికన్నా చివరిది మోటార్లను ఆపివేయడం. వీటిలో ప్రతి ఒక్కటీ ఒకచోట రక్షణ, మరొకచోట ప్రమాదం.

ప్రమాదం ఎంతటిదో విద్యార్థులు సులభంగా లెక్కకట్టవచ్చు. గాలి నిరోధాన్ని వదిలేస్తే 30 మీటర్ల ఎత్తునుండి పడే వస్తువు సుమారు రెండున్నర సెకన్లలో నేలను చేరుతుంది. అప్పటికి దాని వేగం సెకనుకు 24 మీటర్లు, అంటే గంటకు దాదాపు 87 కిలోమీటర్లు. మందు నింపిన వ్యవసాయ డ్రోను బరువు 25 కిలోలకు కొంచెం అటూయిటుగా ఉంటుంది. అనగా ఒక సిమెంటు బస్తాలో సగం బరువు, తిరుగుతున్న రెక్కలతో సహా, రోడ్డుమీద బస్సు పోయే వేగంతో తగులుతుందన్నమాట. పైలటు కేక వేసి హెచ్చరించడానికి కూడా రెండున్నర సెకన్లు చాలవు.

ఖానాపూర్ ప్రాంత స్వరూపం

ఖానాపూర్ పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పటినుండి నిర్మల్ జిల్లాలో ఉంది. దక్షిణాన గోదావరి, దానికి ఆవలి ఒడ్డున పూర్వపు కరీంనగర్ జిల్లా. మండలంలోనే గోదావరిపై సదర్‌మాట్ ఆనకట్ట, తూర్పున పొరుగు మండలంలో కడెం జలాశయం ఉన్నాయి. కాలువల కింద వరి, మెట్టన పత్తి, మొక్కజొన్న, పసుపు పండుతాయి. ఉత్తరానికి పోయేకొద్దీ గుట్టలు, టేకు అడవి మొదలై ఉట్నూరు ఏజెన్సీ వరకు సాగుతాయి. జన్నారం వైపున్న అడవి 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యంలో భాగం.

ఈ వివరాలు డ్రోనుతో సంబంధం లేనివిగా కనబడవచ్చు. కానీ ఫెయిల్‌సేఫ్ దృష్టితో చూస్తే ఇవే ముఖ్యం. చదునైన, ఖాళీ మైదానంలో పరీక్షించిన డ్రోను ఇక్కడికి వచ్చినప్పుడు దాని చుట్టూ తాటిచెట్లు, టేకుచెట్లు, బోరు మోటార్లకు పొలాలమీదుగా వేసిన కరెంటు తీగలు, పారే కాలువలు, పక్కనే గుట్ట, అంతంతమాత్రంగా అందే ఫోను సిగ్నలు ఉంటాయి. పెట్టెలోనుండి తీసిన డ్రోనుకు వీటిలో ఏ ఒక్కటీ తెలియదు.

సంకేతం తెగినప్పుడు

అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యే లోపం ఇదే. పైలటు చేతిలోని రిమోటుకూ డ్రోనుకూ మధ్య రేడియో సంకేతం, సాధారణంగా 2.4 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో, క్షణక్షణం నడుస్తూ ఉండాలి. చెట్లగుంపు అడ్డం వచ్చినా, డ్రోను గుట్ట మలుపు దాటినా, రిమోటు బ్యాటరీ అయిపోయినా ఆ తీగ లేని తీగ తెగుతుంది. అప్పుడు డ్రోనులోని ఫ్లైట్ కంట్రోలరు అనే చిన్న కంప్యూటరు సంకేతం రావడంలేదని గుర్తించి, ముందు చెప్పిపెట్టిన పని మొదలుపెట్టాలి.

ఇక్కడ మొదటి చిక్కు గుర్తించడంలోనే ఉంది. కొన్ని రిసీవర్లు సంకేతం పోయినపుడు మౌనంగా ఉండక, చివరిసారి అందిన ఆజ్ఞనే పదేపదే కంప్యూటరుకు అందిస్తుంటాయి. అలాంటప్పుడు కంప్యూటరు దృష్టిలో లోపమే లేదు. ముందుకు పొమ్మన్నది చివరి ఆజ్ఞ అయితే డ్రోను పోతూనే ఉంటుంది. రిసీవరును సంకేతం పోయిన వెంటనే ఆ సంగతి తెలిపేటట్లు అమర్చి, రెక్కలు విప్పి, నేలమీదనే రిమోటును ఆపివేసి పరీక్షించడం తప్ప దీనికి వేరే మార్గం లేదు. రెండు నిమిషాల పని, చాలామంది చేయని పని.

గుర్తించిన తరువాత చేసే పని ఎక్కువ డ్రోన్లలో "ఇంటికి తిరిగిరావడం". ఈ ఇల్లు పైలటు నిలబడిన చోటు కాదు. మోటార్లు మొదలుపెట్టిన క్షణంలో ఉపగ్రహాల ద్వారా గుర్తుపెట్టుకొన్న స్థానం. డ్రోను ముందు ఒక నిర్ణీత ఎత్తుకు లేచి, అక్కడినుండి ఇంటికి సరళరేఖలో వచ్చి, దిగుతుంది. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఆర్డుపైలట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ఈ ఎత్తు, మనం మార్చకపోతే, 15 మీటర్లు. డ్రోను అప్పటికే అంతకన్నా ఎత్తులో ఉంటే ఉన్న ఎత్తులోనే వస్తుంది. ఎదిగిన తాటిచెట్టు 20 మీటర్లు దాటుతుంది. అడవిలోని మంచి టేకు అంతకన్నా పైనే ఉంటుంది. ముందున్న అడ్డంకులను చూడగల రాడారో కెమెరానో లేని డ్రోను, ఎవరో ఒక ఖాళీ మైదానాన్ని ఊహించుకొని పెట్టిన 15 మీటర్ల ఎత్తున, ఖానాపూర్ పొలాలమీదుగా తిరిగివస్తే తాటిమట్టలలో ఇరుక్కోవడం వింత కాదు.

మరొక సంగతి. ఆ ఎత్తును కొలిచేది సాధారణంగా బయలుదేరిన చోటునుండే, కింద ఉన్న నేలనుండి కాదు. కాలువ గట్టు నుండి లేచిన డ్రోనుకు 40 మీటర్లు అంటే గట్టునుండి 40 మీటర్లు. మధ్యలో 50 మీటర్ల గుట్ట ఉంటే 40 మీటర్ల ఎత్తు ఎందుకూ పనికిరాదు. కడెం, ఉట్నూరు వైపు పోయేవారు దీనిని ప్రతి గుట్టకూ కొత్తగా లెక్కవేసుకోవాలి.

అన్నిటికన్నా ఆలోచించవలసినది ఇంటి స్థానం. పల్లెలో డ్రోను ఎగిరితే జనం గుమికూడతారు, ముఖ్యంగా పిల్లలు. వారు గుమికూడేది పొలం మధ్యలో కాదు, డ్రోను లేచిన చోటనే. పెట్టెలు, బ్యాటరీలు, మందు కలిపే డ్రమ్ములు అక్కడే ఉంటాయి. పైలటుకు అదుపు తప్పిన డ్రోను, తనకు నేర్పిన ఫెయిల్‌సేఫ్ ప్రకారం, తిన్నగా ఆ జనం మధ్యకే వచ్చి దిగుతుంది. రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే అపాయాన్ని మనుషుల దగ్గరకు తీసుకువస్తుంది. దీనికి పరిష్కారం ఖర్చులేనిది: డ్రోను లేచే చోటును జనం నిలబడే చోటునుండి దూరంగా, దారికి పక్కగా, తీగలు లేని మడిలో పెట్టుకొని, పని అయ్యేవరకు ఆ చోటును ఖాళీగా ఉంచడం.

మందు చల్లే డ్రోనుకు ఇంకొక బాధ్యత కూడా ఉంది. తిరుగుముఖం పట్టిన క్షణంలో పంపు ఆగాలి. లేకపోతే పత్తిచేను కోసం కలిపిన మందు పక్కవాడి కూరగాయల మడిమీదా, కాలువ నీటిమీదా పడుతుంది. డ్రోను క్షేమంగా దిగినంతమాత్రాన అంతా క్షేమంగా ముగిసిందని చెప్పలేము.

బ్యాటరీ

డ్రోన్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కొక్క సెల్లు నిండుగా ఉన్నపుడు 4.2 వోల్టులు చూపుతుంది. 3.5 వోల్టుల దరిదాపులకు వచ్చేసరికి పని ముగించాలి. అంతకు దిగువన వోల్టేజి మెట్లు దిగినట్టు కాక, బావిలో పడినట్టు పడిపోతుంది. అందుకే రెండంచెల ఏర్పాటు చేస్తారు. మొదటి గీత దాటగానే ఇంటికి రావడం, రెండవ గీత దాటితే ఉన్నచోటనే దిగడం. ఆర్డుపైలట్‌తో సొంతంగా డ్రోను తయారుచేసుకొనే ఇంజనీరింగు విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసినది ఏమంటే, బ్యాటరీ తగ్గినపుడు ఏమి చేయాలన్న అమరికలో మొదట ఉండే విలువకు చర్యంటూ ఏదీ లేదు. అది ఉన్నదని నమ్మి ఎగరవేసేవారికి అది లేనట్టే.

చలిలో ఈ బ్యాటరీల లోపలి నిరోధం పెరిగి, భారం పడగానే వోల్టేజి ఎక్కువగా కుంగుతుంది. తెలంగాణలో చలికి పేరుపడినది పూర్వపు ఆదిలాబాదు జిల్లాయే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఏజెన్సీ గ్రామాలలో ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగుతుంది. గాలి నిలకడగా ఉంటుందని మందు చల్లడానికి ఎంచుకొనేది కూడా తెల్లవారుజామునే. అప్పుడు నిండు బ్యాటరీతో లేచిన డ్రోను కూడా, నిండు ట్యాంకు బరువుకు వోల్టేజి కుంగి, కొద్దిసేపటికే ఫెయిల్‌సేఫ్‌లోకి పోవచ్చు. వేసవిలో వచ్చే చిక్కు వేరు. ఎండలో ట్రాలీమీద పెట్టిన బ్యాటరీలు ఉబ్బుతాయి. ఉబ్బినదానిని మళ్ళీ వాడకూడదు.

స్థానం తెలియకపోతే

ఇంటికి తిరిగిరావాలంటే డ్రోనుకు తాను ఎక్కడున్నదో తెలియాలి. ఉపగ్రహ సంకేతం, దిక్సూచి, భ్రమణాన్నీ త్వరణాన్నీ కొలిచే పరికరాలు, గాలి ఒత్తిడితో ఎత్తు చెప్పే పరికరం ఇచ్చే అంకెలన్నిటినీ కలిపి కంప్యూటరు ఒక అంచనాకు వస్తుంది. ఈ గణితానికి మూలం రుడాల్ఫ్ కల్మన్ 1960లో ప్రచురించిన పద్ధతి. అంకెలు ఒకదానితో ఒకటి పొసగనపుడు కంప్యూటరు తన అంచనాను తానే నమ్మకూడదని తెలుసుకొని, సాధారణంగా ఉన్నచోటనే దిగడం మొదలుపెడుతుంది.

పల్లెలలో దీనికి ఎక్కువగా కారణమయ్యేది దిక్సూచి. ట్రాక్టరు ట్రాలీమీదనో, ఇనుప చువ్వలున్న కల్వర్టుమీదనో పెట్టి డ్రోనును సిద్ధం చేస్తే దిక్సూచి తప్పుడు దిక్కు చూపుతుంది. గాలిలోకి లేచాక డ్రోను ఒకచోట నిలవక, గానుగెద్దులా గుండ్రంగా, చుట్టుచుట్టుకూ పెద్దదవుతూ తిరుగుతుంది. ఇటువంటప్పుడు ఇంటికి రమ్మనడం పనికిరాదు, ఎందుకంటే దిక్కు తెలియనివాడికి దారి చెప్పి ప్రయోజనం లేదు. ఉన్నచోట దిగమనడమే మేలు. కానీ ఆ ఉన్నచోటు కాలువో, గోదావరి పాయో అయితే డ్రోనుమీద ఆశ వదులుకోవలసిందే. యంత్రం పోయినా మనిషి మిగులుతాడు కనుక ఇందులో ఎంపిక కష్టమైనది కాదు. డ్రోను ఖరీదు లక్షలలో ఉండటంవలన, అప్పు చేసి కొన్నవారికి చేతులు వణకడం మాత్రం సహజం.

మోటారు, పారాచూటు

నాలుగు రెక్కల డ్రోనులో ఒక మోటారు ఆగితే మామూలుగా అది తిరగబడి పడుతుంది. మోటారు పోయిన తరువాత కూడా డ్రోనును గిర్రున తిప్పుతూ అదుపులో ఉంచవచ్చునని జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ ముల్లర్, రఫాయెల్లో డి'ఆండ్రియా 2014లో చూపించారు. కానీ మందు ట్యాంకు మోసే యంత్రంలో దానిని నమ్ముకోలేము. అందుకే వ్యవసాయ డ్రోన్లలో ఆరు రెక్కలవి వాడతారు. ఆరింటిలో ఒకటి పోతే దానికి ఎదురుగా ఉన్నదాని బలాన్ని కూడా దాదాపుగా తగ్గించుకోవలసి వస్తుంది, అంటే భారమంతా నాలుగింటిమీద పడుతుంది. ఆరూ కలిసి బరువుకు రెండింతలు ఎత్తగలిగితే నాలుగు దాదాపు 1.33 రెట్లు ఎత్తగలవు, డ్రోను బతుకుతుంది. ఆరూ కలిసి ఒకటిన్నర రెట్లే ఎత్తగలిగితే నాలుగింటి బలం సరిగ్గా బరువుతో సమానం, మిగులు సున్న. కనుక ఆరు మోటార్లున్నాయన్న మాటకు అర్థం ట్యాంకులో ఎన్ని లీటర్లు పోశారన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఇంకో రెండు లీటర్లు పోస్తే ఒక ట్రిప్పు కలిసివస్తుందనుకొనేవారు తమకు తెలియకుండానే ఫెయిల్‌సేఫ్‌ను తీసివేస్తున్నారు.

పారాచూటు వినడానికి బాగుంటుంది. అది విచ్చుకోవడానికి తగిన ఎత్తు కావాలి. పైరుకు రెండుమూడు మీటర్ల పైన ఎగిరే మందు డ్రోనుకు దానివలన లాభం లేదు. ఎత్తున పోయే సరకుల డ్రోన్లకు అవసరమే. అయితే ఆ పారాచూటుకూ వైఫల్యం ఉంటుందని స్విట్జర్లాండు అనుభవం చెబుతోంది. అక్కడి తపాలా సంస్థ జూరిచ్‌లో ఆసుపత్రి నమూనాలను మోయడానికి అమెరికా సంస్థ మాటర్‌నెట్ డ్రోన్లను వాడింది. 2019 జనవరిలో ఒక డ్రోను లోపం ఏర్పడి పారాచూటుతో జూరిచ్ సరస్సులో దిగింది. ఏర్పాటు పనిచేసింది. అదే ఏడాది మే నెలలో మరొకటి అదుపు తప్పినపుడు పారాచూటు విచ్చుకొన్నది కానీ, దానిని డ్రోనుకు కట్టిన ఒకే ఒక్క తాడు తెగిపోయింది. డ్రోను పసిపిల్లలు ఆడుకొంటున్న చోటికి కొద్ది దూరంలోనే పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ తరువాత తాడును లోహపు అల్లికతో గట్టిచేసి, ఒకటికి బదులు రెండు చోట్ల కట్టే మార్పు చేశారు. గుడ్డ, విప్పే యంత్రం, లోపాన్ని గుర్తించే కంప్యూటరు అన్నీ సరిగా పనిచేసిన తరువాత కూడా ఒక తాడు దగ్గర రక్షణ ముగిసిపోయిన సంఘటన ఇది.

అదే సంవత్సరం జూలై 4న ఇంగ్లండులోని గుడ్‌వుడ్ వద్ద ప్రదర్శనలో ఎగిరిన 95 కిలోల అలౌడా ఎయిర్‌స్పీడర్ డ్రోనుది ఇంకా తీవ్రమైన ఉదాహరణ. పైలటుకు అదుపు తప్పింది. వేరుగా అమర్చిన ఆపివేసే స్విచ్చును నొక్కితే అదీ పనిచేయలేదు. డ్రోను దాదాపు 8,000 అడుగుల వరకు, గాట్విక్ విమానాశ్రయానికి సంబంధించిన గగనతలంలోకి లేచి, బ్యాటరీ అయిపోయాక పొలంలో కూలింది. జనం నివసిస్తున్న ఇళ్ళకు అది సుమారు 40 మీటర్ల దూరం. యంత్రం గుర్తింపు పొందిన ప్రమాణాల ప్రకారం తయారైనది కాదని బ్రిటన్ విమాన ప్రమాద పరిశోధన విభాగం తేల్చింది.

ఇటువంటిదాన్ని అర్థం చేసుకోవడానికి ఖానాపూర్ వారికి ఇంగ్లండు దాకా పోనవసరం లేదు. 2022 జూలైలో సామర్థ్యాన్ని మించిన వరద వచ్చిన రోజున కడెం జలాశయం 18 గేట్లలో ఒకటి తెరుచుకోకపోవడం, దిగువ గ్రామాలను ఖాళీ చేయించడం ఈ ప్రాంతంవారికి బాగా గుర్తు. అత్యవసరానికి పెట్టుకొన్న ఏర్పాటు నిజంగా పనిచేసేదీ లేనిదీ అత్యవసరం నాడే తెలిస్తే ఆ తెలుసుకోవడం ఆలస్యమైనట్టే.

వికారాబాదు ప్రయోగం

తెలంగాణలో ఈ విషయం ఆచరణలో పరీక్షకు వచ్చినది వికారాబాదులో. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్, అపోలో ఆసుపత్రులకు చెందిన హెల్త్‌నెట్ గ్లోబల్ కలిసి చేపట్టిన "మెడిసిన్ ఫ్రం ద స్కై" పథకాన్ని 2021 సెప్టెంబరు 11న కేంద్ర పౌర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా ప్రారంభించారు. అప్పటి రాష్ట్ర మంత్రి కె.టి.రామారావు పాల్గొన్నారు. వికారాబాదు ఏరియా ఆసుపత్రి చుట్టూ ఉన్న 16 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను దీనికి ఎంచుకొన్నారు. పైలటు కంటికి కనబడే దూరాన్ని దాటి ఎగరడానికి కేంద్రం ప్రత్యేక మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది.

కంటిచూపు దాటడం అనేది మాటలో చిన్నదైనా పనిలో చాలా పెద్దది. కంటికి కనబడినంతసేపు పైలటే మొదటి రక్షణ, ఫెయిల్‌సేఫ్ రెండవది. చెట్టు కనబడితే పక్కకు తప్పిస్తాడు, పశువుల కాపరి కనబడితే ఆగుతాడు. చూపు దాటిన తరువాత ఫెయిల్‌సేఫే మొదటి రక్షణ అవుతుంది. తొమ్మిది పది కిలోమీటర్ల దారిలో సగం దాటాక లోపం వస్తే వెనక్కి రావడమా, ముందుకే పోవడమా, మధ్యలో దిగడానికి ముందే చూసిపెట్టుకొన్న ఖాళీచోటు ఉన్నదా అన్నవి నేలమీదనే తేల్చుకోవాలి.

2024 అక్టోబరులో బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లతో సహా దేశంలో 11 వైద్య సంస్థలలో డ్రోను సేవలను ప్రధానమంత్రి ప్రారంభించారు. అంతకు ముందు నెలలోనే విజయవాడ బుడమేరు వరదలలో చిక్కుకొన్నవారికి డ్రోన్లతో ఆహారం అందించారు. వానాకాలంలో వాగులు పొంగి దారులు తెగే ఉట్నూరు ఏజెన్సీకి ఇలాంటి సేవ ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. కానీ సమాచార సంబంధానికి ఫోను నెట్‌వర్కు మీద ఆధారపడే డ్రోనుకు ఏజెన్సీ గూడేలలో ఆ నెట్‌వర్కే దొరకదు. అడవి దట్టం, మధ్యలో దిగడానికి ఖాళీలు తక్కువ, ఒక భాగం అభయారణ్యం. వికారాబాదులో సరిపోయిన అమరికలను అలాగే తెచ్చి ఇక్కడ పెడితే సరిపోతాయని అనుకోరాదు.

నియమాలు

2018 ఆగస్టులో పౌర విమానయాన డైరెక్టరేటు జారీచేసి, ఆ డిసెంబరు 1 నుండి అమలు చేసిన నిబంధనలలో డ్రోనుకు తనంతట ప్రయాణం ముగించే ఏర్పాటు గాని, ఇంటికి తిరిగివచ్చే ఏర్పాటు గాని ఉండాలని, ప్రయాణ వివరాలు నమోదు కావాలని, అనుమతి లేనిదే లేవకుండా చేసే సాఫ్ట్‌వేరు ఉండాలని స్పష్టంగా ఉన్నది. 2021 మార్చిలో వచ్చిన నియమావళి మరీ బరువుగా ఉన్నదన్న విమర్శలతో, అదే ఏడాది ఆగస్టు 25న "డ్రోన్ నియమావళి, 2021" దాని స్థానంలో వచ్చింది. పత్రాలు 25 నుండి 5కు తగ్గాయి. భద్రతా లక్షణాల విషయంలో మాత్రం పద్ధతి మారింది. అనుమతి లేనిదే లేవకపోవడం, ఎక్కడున్నదీ ఎప్పటికప్పుడు తెలియజేయడం, హద్దులు దాటకుండా ఉండటం వంటివాటిని వెంటనే తప్పనిసరి చేయక, ముందుముందు ప్రకటించి, అమలుకు కనీసం ఆరు నెలల గడువు ఇస్తామని పేర్కొన్నారు. 2022 జనవరి 26న నమూనాల ధ్రువీకరణ పథకం వచ్చింది. 2025 సెప్టెంబరులో కేంద్రం పౌర డ్రోన్ల బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది.

నియమాలు సులభం కావడం వలన పరిశ్రమ పెరిగిన మాట నిజం. అయితే ధ్రువీకరణ చూసేది నమూనాను. తిరిగివచ్చే ఎత్తు ఎంత, ఇల్లు ఎక్కడ, ట్యాంకులో ఎన్ని లీటర్లు అన్నవి నమూనాలో ఉండవు, ఆ రోజు ఆ పొలంలో ఉంటాయి. బాధ్యత చివరకు పైలటు మీదనే నిలుస్తుంది.

ఆ పైలటుకు ఎంత నేర్పుతున్నామన్నది తరువాతి ప్రశ్న. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు 1,261 కోట్ల రూపాయల వ్యయంతో డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. డ్రోను ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు, సహాయం. సంఘ సభ్యురాలికి 15 రోజుల శిక్షణ, అందులో 5 రోజులు తప్పనిసరి పైలటు శిక్షణ, మిగిలినది మందు చల్లడంపై. పల్లె మహిళ చేతికి ఇటువంటి పనిముట్టు రావడం మెచ్చుకోదగినదే. అయితే అయిదు రోజులలో ఎగరవేయడం నేర్చుకోవచ్చునేమో గాని, ఎగరలేని పరిస్థితిలో ఏమి జరుగుతుందో చూసే అవకాశం తక్కువ. ఖాళీ ట్యాంకుతో, ఖాళీ మైదానంలో, కావాలనే రిమోటు ఆపివేసి డ్రోను ఏమి చేస్తుందో ప్రతి శిక్షణార్థికీ చేతితో చేయించి చూపాలి. శిక్షణ తరువాత ఆమె పనిచేసే మండలంలోని చెట్ల, తీగల, గుట్టల ఎత్తులతో ఆ అమరికలను మళ్ళీ చేయించాలి.

ఇంకొక లోటు నమోదులో ఉంది. ప్రమాదం జరిగితే 48 గంటలలో డిజిటల్ స్కై వేదిక ద్వారా తెలియజేయాలని 2021 నియమావళి చెబుతుంది. ఫెయిల్‌సేఫ్ పనిచేసి డ్రోను క్షేమంగా దిగితే అది ప్రమాదం కాదు కనుక చెప్పవలసిన పనిలేదు. అందువలన ఏ ఊరిలో సంకేతం తరచు తెగుతున్నది, ఏ చలిలో బ్యాటరీ ముందుగా కుంగుతున్నది, ఏ చెట్టుకు డ్రోను తగలబోయి తప్పింది అన్న విలువైన సమాచారమంతా ఎవరికీ చేరకుండా పోతుంది. విమానయానంలో తృటిలో తప్పిన ప్రమాదాలను కూడా రాసిపెట్టుకొనే అలవాటు చాలాకాలంగా ఉంది. డ్రోనులో ఆ రాత దానంతట అదే జరుగుతుంది. ప్రతి ప్రయాణంలో వోల్టేజి, ఎత్తు, ఉపగ్రహాల సంఖ్య, ఏ క్షణాన ఏ ఫెయిల్‌సేఫ్ మొదలైనదీ మెమొరీ కార్డులో నమోదవుతాయి. ఆర్డుపైలట్ నమోదులను ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుతో మామూలు కంప్యూటరులో తెరిచి చదవవచ్చు. నిర్మల్, ఆదిలాబాదు, జగిత్యాల జిల్లాలలోని పాలిటెక్నిక్ విద్యార్థులు తమ మండలంలో మందు చల్లే డ్రోన్ల యజమానుల అనుమతితో ఒక్క వానాకాలపు నమోదులను సేకరించి చూసినా, తిరిగివచ్చే ఎత్తు 15 మీటర్లుగానే మిగిలిపోయినవి ఎన్నో లెక్క తేలుతుంది.